వెస్ట్ ఫిలడెల్ఫియాలో చెట్ల కింద పాత ఇల్లు: వెతికి, చూసి, కాపురం పెట్టడం ఎలా?

పెన్ (యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా), డ్రెక్సెల్ విశ్వవిద్యాలయాలకు చదువుకో ఉద్యోగానికో వచ్చే తెలుగువాళ్లు ఇల్లు వెతుక్కుంటూ ఎప్పుడో ఒకప్పుడు స్ప్రూస్ హిల్ పేటకు చేరతారు. మే నెలలో పైన్ వీధి వెంట 42వ వీధి నుంచి 45వ వీధి దాకా నడిస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. రెండు పక్కల కొమ్మలు నడివీధిన కలుసుకుంటాయి. మూడంతస్తుల ఇళ్లు, చెక్క స్తంభాల వరండాలు, మెట్ల పక్కన పూలకుండీలు. అద్దె ప్రకటనల్లో కనిపించేదీ ఇదే. బాయిలరు, బేస్‌మెంటు, పైకప్పు, కిటికీ చట్రాల మీది పాత రంగు మాత్రం ఏ ప్రకటనలోనూ కనిపించవు. చెట్ల నీడ దారిన పోయేవాళ్లందరికీ ఉచితం. మీరు నెలనెలా డబ్బు కట్టేది ఇంటి లోపలికి. కాబట్టి ముందు లోపలి సంగతి చూసుకుని, ఆ తర్వాత నీడ సంగతి మాట్లాడుకుందాం.

ముందు వీధుల లెక్క పట్టుకోండి

1682లో విలియం పెన్ ఈ నగరానికి నక్షా వేయించినప్పుడు ఉత్తర దక్షిణాలుగా సాగే వీధులకు అంకెలు, తూర్పు పడమరలుగా సాగే వీధులకు చెట్ల పేర్లు పెట్టించాడు. తర్వాతి కాలంలో నగరం షూల్‌కిల్ నది దాటి పడమటికి పెరిగినా ఆ వరస తప్పలేదు. మార్కెట్ వీధి నుంచి దక్షిణానికి దిగుతుంటే చెస్ట్‌నట్, వాల్‌నట్, లోకస్ట్, స్ప్రూస్, పైన్ వస్తాయి. ఆ తర్వాత ఒసేజ్, లార్చ్‌వుడ్, వాటిని ఏటవాలుగా కోసుకుంటూ బాల్టిమోర్ అవెన్యూ. పడమటికి పోయేకొద్దీ అంకెలు పెరుగుతాయి.

ఇంటి నంబరు చూడగానే ఇల్లెక్కడో చెప్పేయవచ్చు. 4312 పైన్ అంటే 43, 44 వీధుల మధ్య ఇల్లు. సరిసంఖ్య కాబట్టి వీధికి దక్షిణం వైపున ఉంటుంది, అంటే వాకిలి ఉత్తరానికి. వాస్తు చూసేవాళ్లకు ఈ సంగతి ప్రకటన చదువుతుండగానే తేలిపోతుంది. తూర్పు వాకిలే కావాలంటే చెట్ల పేర్ల వీధులు వదిలేసి అంకెల వీధుల్లో వెతకాలి. వాస్తు పట్టింపు లేనివాళ్లకూ దిక్కుతో పని ఉంది. ఉత్తరానికి తిరిగిన ముందు గదిలో, పైగా పెద్ద చెట్టు నీడలో, కరివేపాకు కుండీ డిసెంబరు దాటదు. దక్షిణం కిటికీ ఉన్న గది ఒక్కటైనా ఉందో లేదో అడగండి.

ఎక్కడిదాకా వెతకాలి

పెన్ విశ్వవిద్యాలయం సొంత పోలీసుల గస్తీ 30 నుంచి 43వ వీధి దాకా, మార్కెట్ నుంచి బాల్టిమోర్ దాకా ఉంటుంది. ఆ గీత లోపల అద్దెలు ఎక్కువ. గీత దాటిన కొద్దీ అద్దె తగ్గుతుంది, గది పెద్దదవుతుంది. విద్యార్థుల వాట్సాప్ గుంపుల్లో ‘ఫలానా వీధి దాటకండి’ అనే సలహా ప్రతి ఏడాదీ తిరుగుతూనే ఉంటుంది. దాన్ని రాసినవారిలో ఎందరు ఆ వీధిలో కాలుపెట్టారో నాకు అనుమానమే. అలాగని ఏ జాగ్రత్తా అక్కర్లేదని కాదు. ఇక్కడ పరిస్థితి వీధివీధికీ మారుతుంది, ఒకే వీధిలో ఒక మలుపుకూ ఇంకో మలుపుకూ కూడా మారుతుంది. అందుకే ఇల్లు నచ్చాక, సంతకానికి ముందు, రాత్రి తొమ్మిది ప్రాంతంలో మీతో ఉండబోయే వాళ్లను వెంటబెట్టుకుని ట్రాలీ (వీధి పట్టాల మీద నడిచే ట్రాము) స్టాపు నుంచి ఆ ఇంటిదాకా నడవండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా, వరండాల్లో దీపాలున్నాయా, కుక్కను తిప్పేవాళ్లు, సామాను మోసుకొచ్చేవాళ్లు కనబడుతున్నారా చూడండి. ఆ నడక చెప్పినంత నిజం ఏ పటమూ చెప్పదు.

మరీ దగ్గర కూడా మంచిది కాదు. 38వ వీధికి తూర్పున ఆసుపత్రులున్నాయి. అంబులెన్సులు, హెలికాప్టర్లు వేళాపాళా చూడవు.

ఈ పేట పుట్టిందే ట్రాలీ వల్ల. 1890లలో కరెంటు ట్రాలీలు వచ్చాక, నగరం మధ్యలో పనిచేసి సాయంత్రానికి చెట్ల మధ్యకు చేరాలనుకున్న మధ్యతరగతి కోసం ఈ ఇళ్ల వరసలు లేచాయి. అందుకే 1998లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరినప్పుడు కూడా దీనికి ‘ట్రాలీ శివారు’ అన్న అర్థం వచ్చే పేరే పెట్టారు. ఆ ట్రాలీలు ఇప్పటికీ నడుస్తున్నాయి. బాల్టిమోర్ మీద 34, చెస్టర్ మీద 13, వుడ్‌ల్యాండ్ మీద 11, 36. కొత్త బోర్డుల మీద ఇవే టీ2, టీ3, టీ4, టీ5 అని కనిపిస్తాయి, కంగారుపడకండి. 40వ వీధి దగ్గర అవి భూగర్భంలోకి దిగి సిటీ హాల్ దాకా వెళ్తాయి. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం ఆ సొరంగం కొన్నాళ్లు మూసేస్తారు. అప్పుడు 40వ వీధి, మార్కెట్ కూడలిలో దిగి మెట్రో రైలు ఎక్కాలి. మీరు ఆగస్టులో దిగితే మొదటి వారమే ఈ మార్పు ఎదురుకావచ్చు. కారు అక్కర్లేదు. ఉన్నా, దాన్ని నిలిపే చోటు కోసం తిరగడమే ఒక పనిగా మారుతుంది.

బడికెళ్లే పిల్లలున్న కుటుంబాలకు ఇంకో లెక్క ఉంది. పెన్ విశ్వవిద్యాలయం అండతో 2001లో మొదలైన పెన్ అలెగ్జాండర్ ప్రభుత్వ బడి పరిధిలో ఇళ్లకు గిరాకీ ఎక్కువ, ధరా ఎక్కువే. పరిధిలో ఇల్లు దొరికింది కాబట్టి సీటు కూడా దొరికినట్టే అనుకోవద్దు. తరగతులు నిండిపోతుంటాయి. అద్దెకు ఒప్పుకునే ముందు బడికే ఫోను చేసి అడగండి.

కాగితాలు చూడకుండా డబ్బు కదపవద్దు

జూన్ నుంచి సెప్టెంబరు మధ్య ఈ పేటలో సగం జనం ఇళ్లు మారతారేమో అనిపిస్తుంది. మంచి ఇళ్లు అంతకు చాలా ముందే, చలికాలంలోనే మాట్లాడేసుకుంటారు. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని వెతికేవాళ్లు తెలిసినవాళ్లను ఆ ఇంటికి పంపి వీడియో కాల్ చేయించుకోండి. చూపించడానికి ఎవరూ లేరు, యజమాని ఊళ్లో లేడు, ముందు డబ్బు పంపితే తాళంచెవి తపాలాలో వస్తుంది అన్నారంటే అది మోసం. ఇక బేరం కూడా అనవసరం.

ఫిలడెల్ఫియాలో ఇల్లు అద్దెకిచ్చే యజమానికి నగరం ఇచ్చే అద్దె లైసెన్సు ఉండాలి. నగరపాలక సంస్థవారి ‘అట్లాస్’ వెబ్‌సైటులో చిరునామా కొడితే లైసెన్సు ఉందో లేదో, ఆ ఇంటి మీద నియమాల ఉల్లంఘనలేమైనా నమోదయ్యాయో కనబడుతుంది. లైసెన్సు లేని యజమానికి అద్దె వసూలు చేసే హక్కు చట్టప్రకారం లేదు. మీరు చేరేముందు ఆయన ఇల్లు నివాసయోగ్యమని చెప్పే సర్టిఫికెట్, అద్దెదారుల హక్కుల చేతిపుస్తకం మీ చేతికివ్వాలి. 1978 మార్చికి ముందు కట్టిన ఇళ్లకు, అంటే ఇక్కడ దాదాపు అన్నిటికీ, పాత రంగుల్లోని సీసం వల్ల ప్రమాదం లేదని తేల్చిన సర్టిఫికెట్ కూడా ఉండాలి. ఇవి అడిగితే ముఖం చిట్లించే యజమాని, రేపు బాయిలరు ఆగిందని చెప్పినా అలాగే చిట్లిస్తాడు.

డిపాజిట్ విషయంలో పెన్సిల్వేనియా చట్టం స్పష్టంగా ఉంది. మొదటి ఏడాది రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు. రెండో ఏడాది నుంచి ఒక నెలదే ఉంచుకోవాలి. అమెరికాలో అప్పుల చరిత్ర లేని కొత్త విద్యార్థులను చూసి కొందరు మూడు నాలుగు నెలలది అడుగుతారు. చట్టం మాట మర్యాదగా గుర్తుచేయండి. పూచీకత్తు ఇచ్చేవారు కావాలంటే విశ్వవిద్యాలయం అడ్మిషన్ లేఖ, బ్యాంకు పత్రాలు చూపి అడిగి చూడండి. చాలామంది ఒప్పుకుంటారు.

మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇంకోచోట. అద్దె పంచుకుందామని ఐదుగురు ఆరుగురు కలిసి ఒకే వాటాలో చేరతారు. బంధుత్వం లేనివాళ్లు ముగ్గురికి మించి ఒక వాటాలో ఉండకూడదన్నది ఈ నగర జోనింగ్ నియమం. లీజులో ముగ్గురి పేర్లే రాసి మిగిలినవాళ్లను లెక్కలోకి రాకుండా ఉంచితే, గొడవ వచ్చిన రోజున ఆ మిగిలినవాళ్లకు ఏ హక్కూ ఉండదు. పేర్లున్న ముగ్గురికీ వేరే చిక్కు ఉంది. ఉమ్మడి లీజులో ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఆ వాటా అద్దె మిగిలిన ఇద్దరి నెత్తిన పడుతుంది. ఎవరు వెళ్తే ఏం చేయాలో మీలో మీరు ముందే ఒక కాగితం రాసుకోండి. స్నేహితుల మధ్య కాగితాలేమిటని మొహమాటపడేవాళ్లే తర్వాత మాటలు మానేస్తారు.

ఇంటిని కింది నుంచి పైకి చూడండి

ఇల్లు చూపించేవాళ్లు మిమ్మల్ని ముందు హాల్లోకి తీసుకెళ్లి రంగు అద్దాల కిటికీ, పాత నిప్పుగూడు చూపిస్తారు. వాళ్ల వరస వాళ్లది. మీరు మాత్రం ‘ముందు బేస్‌మెంటు చూస్తాను’ అనండి.

ఈ పేట కింద ఒక వాగు ఉంది. మిల్ క్రీక్ దాని పేరు. 19వ శతాబ్దంలో దాన్ని ఇటుక సొరంగంలోకి మళ్లించి, పైన మట్టి పోసి వీధులు వేశారు. క్లార్క్ పార్కులో పిల్లలు మంచు మీద జారే పల్లం ఒకప్పుడు మిల్లుకు నీరిచ్చిన చెరువు. 1961లో ఆ సొరంగం ఒకచోట కూలి ఫన్‌స్టన్ వీధిలో ఇళ్లు కుంగిపోయాయి, ప్రాణాలు పోయాయి. ఇప్పుడు భయపడాల్సిన పనిలేదు గానీ, నేల కింద తడి ఉన్న చోట ఇల్లు కడితే ఏమవుతుందో బేస్‌మెంటు గోడ మీద చదువుకోవచ్చు. గోడ మీద మోకాలెత్తున తెల్లని ఉప్పు గీత ఉందా? బాయిలరు కాళ్లు తుప్పు పట్టాయా? ముక్కుకు పాత గోనెసంచి వాసన తగులుతోందా? అవునంటే ఇల్లు వద్దని కాదు, ఆ బేస్‌మెంటులో ఏమీ పెట్టకూడదని. సర్టిఫికెట్లు, పట్టుచీరలు ఉన్న సూట్‌కేసులు ‘అడ్డం కదా’ అని కిందికి దించి, వసంతంలో తెరిచి చూసుకుని బాధపడే ఇళ్లు ప్రతి ఏడాదీ ఉంటాయి.

అక్కడే కరెంటు పెట్టె ఉంటుంది. మీ వాటాకు ఎన్ని స్విచ్చులున్నాయో, ఏది ఏ గదికో చూడండి. పాత ఇళ్లలో వంటగది, పక్క గది ఒకే తీగ మీద నడుస్తుంటాయి. మైక్రోవేవ్, కిటికీ ఏసీ, ఎలక్ట్రిక్ కుక్కర్ ఒకేసారి వేస్తే చీకటే. పింగాణీ బొడిపెల మీదుగా పాకే పాత తీగలు కనిపిస్తే అవి ఇంకా పనిచేస్తున్నాయా అని అడగండి. పనిచేస్తున్నాయంటే ఇంకో ఇల్లు చూసుకోండి.

తర్వాత కిటికీలు. కిటికీని ఒకసారి పైకి లాగి, కిందికి దించండి. చట్రం రాసుకునే గాడిలో సన్నటి పొడి, రంగు పెచ్చులు కనిపిస్తున్నాయా? సీసం పిల్లల నోటికి చేరేది గోడల నుంచి కన్నా ఈ గాడి నుంచే. ఇంట్లో పాకే వయసు బిడ్డ ఉంటే సర్టిఫికెట్ ఉన్నా సరే ఆ పెచ్చులు బాగుచేయించే దాకా చేరవద్దు. చేరాక గాడిని పొడిగుడ్డతో తుడవకండి, తడిగుడ్డతోనే తుడవండి.

అంతస్తు ఎంపికకు నాకు తెలిసిన సూత్రం ఇది. ఒక గోడ పంచుకుని జంటగా నిలబడే ఈ ఇళ్లలో సాధారణంగా అంతస్తుకొక వాటా ఉంటుంది. కింది వాటాకు వరండా దక్కుతుంది, ఎలుకలూ దక్కుతాయి. మూడో అంతస్తు వేసవిలో కాలుతుంది, కానీ ఆకుల మధ్య గూట్లో ఉన్నంత హాయి అక్కడే. మధ్య వాటా అన్నిటికీ మధ్యే. మూడో అంతస్తు తీసుకునేవాళ్లు బయట ఇనుప మెట్లున్నాయా, వాటికి దారితీసే కిటికీ తలుపు చేత్తో తోస్తే తెరుచుకుంటుందా స్వయంగా చూడండి. రంగు మీద రంగు పూసి బిగుసుకుపోయిన కిటికీ అగ్నిప్రమాదంలో గోడతో సమానం.

చివరగా కుళాయిలు. స్నానాల గదిలో షవరు, వంటగదిలో కుళాయి, రెండూ ఒకేసారి తిప్పి నీటి వడి చూడండి. నేల ఒరిగి ఉంటే కంగారుపడకండి. నూరేళ్ల ఇంట్లో గోళీ పెడితే దొర్లడం మామూలే. గోడ మీద కొత్త పగులు, తలుపు చట్రం పక్కకు లాగినట్టుండటం మాత్రం మామూలు కాదు.

వేడి ఎవరి ఖర్చు?

ఈ ఒక్క ప్రశ్న అడగక చలికాలం బిల్లు చూసి లబోదిబోమనేవాళ్లు ఎందరో. ఇల్లంతటికీ ఒకే బాయిలరు ఉంటే దాని ఖర్చు చాలాసార్లు యజమానిదే, తాళం కూడా ఆయన చేతిలోనే. వాటాకో గ్యాసు మీటరు ఉంటే బిల్లు మీది. గోడ అడుగున కరెంటు హీటర్లుంటే బిల్లు ఇంకా ఎక్కువ మీది. ఇప్పుడు ఉంటున్నవాళ్ల జనవరి, ఫిబ్రవరి బిల్లులు చూపమని అడగండి. గ్యాసు పీజీడబ్ల్యూ నుంచి, కరెంటు పీకో నుంచి వస్తాయి. ఈ రెండు ఖాతాలూ చేరే రోజుకు ముందే మీ పేరు మీదికి మార్పించుకోవాలి.

వేడి యజమాని బాధ్యతైన చోట అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఇంట్లో కనీసం 68 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండేలా చూడాలని నగర నియమం. మన లెక్కలో 20 సెల్సియస్. చల్లగా ఉంటే గదిలో ఉష్ణోగ్రత ఫొటో తీసి యజమానికి రాతపూర్వకంగా పంపండి. కదలకపోతే నగరపాలక సంస్థ సహాయ నంబరు 311కు ఫోను చేసి ఫిర్యాదు చేయండి.

పాత ఇనుప రేడియేటర్ల తీరు వేరు. నవంబరులో మొదటిసారి బాయిలరు వెలిగించిన తెల్లవారుజామున గొట్టాల్లో ఎవరో సుత్తితో కొడుతున్నట్టు ఢణఢణ మోత వస్తుంది. తర్వాత బుస్సుమని ఆవిరి వదులుతుంది. దొంగలు కాదు. ఒకే గొట్టం ఉన్న ఆవిరి రేడియేటరుకు కింద ఉండే మరను పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగం తిప్పితే నీరు ఇరుక్కుని మోత ఎక్కువవుతుంది, నేల మీద కారుతుంది కూడా. గది మరీ వేడెక్కితే కిటికీ కాస్త తీయడమే ఇక్కడి సంప్రదాయం. వేడి సరిపోకపోతే కిటికీలకు అతికించే పలుచని ప్లాస్టిక్ పొరలు హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతాయి. చవక, కానీ చాలా తేడా చూపిస్తాయి.

మన వంటకు ఈ వంటిల్లు

పాత ఇళ్లలో గ్యాసు పొయ్యిలు మామూలు, అది మన అదృష్టం. పొగ బయటికి లాగే గొట్టం మాత్రం చాలా ఇళ్లలో ఉండదు. పొయ్యి పైన ఫ్యాన్ తిరుగుతుంది, పొగను తిప్పి మళ్లీ మీ ముఖానికే కొడుతుంది. ఎండుమిర్చి పోపు పెట్టేముందు కిటికీ తీసి, దానిలో చిన్న టేబుల్ ఫ్యాన్ బయటికి తిప్పి పెట్టండి. పొగ అలారం మోగిందని దాని బ్యాటరీ పీకవద్దు. లోపలంతా ఎండిన చెక్క ఉన్న ఇంట్లో మీ పైన ఇంకో రెండు కుటుంబాలు నిద్రపోతుంటాయి.

మిక్సీ ఇంటి నుంచి తెచ్చుకోవాలనిపిస్తుంది. అక్కడిది 220 వోల్టులు, ఇక్కడిది 110. మన మిక్సీ ఇక్కడ నీరసంగా తిరుగుతుంది, కొబ్బరి పచ్చడి నలగదు. 110 వోల్టుల మిక్సీ కొనుక్కుని రండి, లేదా ఇక్కడ భారతీయ దుకాణాల్లో తీసుకోండి. సరుకులకు వాల్‌నట్ వీధిలోని చిన్న కొట్లు చాలు. నెలకోసారి పెద్ద కొనుగోలుకు మెట్రో రైలు చివరి స్టేషను 69వ వీధికి వెళ్లండి. అక్కడి అప్పర్ డార్బీలో దక్షిణాసియా దుకాణాలున్నాయి.

బియ్యం బస్తా నేల మీద పెట్టకండి. మొదటి రాత్రి ఏమీ తెలియదు. రెండు మూడు రోజులకు సంచి మూల ఒకచోట కొరికిన చిన్న కన్నం, దాని ముందు నాలుగు గింజలు, గోడ వెంట నల్లని ఆవగింజల్లాంటి పెంటికలు కనిపిస్తాయి. బియ్యం, పప్పులు మూత బిగువుగా ఉండే డబ్బాల్లో పోయండి. రేడియేటరు గొట్టం నేలలోంచి వచ్చే చోట ఉండే సందులో ఉక్కుపీచు కుక్కండి, వేలు పట్టే సందు ఎలుకకు సింహద్వారం. పెంటికలు ఇల్లు చూసేరోజే కనబడతాయా అంటే, సింకు కింది అర తెరిస్తే తరచూ కనబడతాయి.

ఇక చెట్లు

పేవ్‌మెంటుకూ రోడ్డుకూ మధ్య ఉన్న చెట్టు యజమానిది కాదు, మీదీ కాదు. నగర పార్కుల శాఖది. కొమ్మ కొట్టాలన్నా అనుమతి కావాలి. ఎండిన కొమ్మ తలమీదికి వేలాడుతుంటే 311కు చెప్పండి, వరస రావడానికి సమయం పడుతుంది. చెట్టు నగరానిదే అయినా దాని వేరు పైకెత్తిన పేవ్‌మెంటు పలక బాగుచేయించాల్సింది ఇంటి యజమాని. ఈ విచిత్రమైన వాటాల వల్ల చాలా వీధుల్లో ఇటుకలు అలలుగా లేచి ఉంటాయి. చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ వచ్చే మొదటి రోజు ఈ సంగతి మీ భుజానికి అర్థమవుతుంది. రాత్రిళ్లు నడిచేటప్పుడు ఫోను లోపల పెట్టి నేల చూడండి.

ఇక్కడ ఎక్కువగా కనిపించే లండన్ ప్లేన్ చెట్టు బెరడు పెచ్చులుగా రాల్చుకుంటుంది. జబ్బు కాదు, దాని తీరు అంతే. ఏప్రిల్, మే నెలల్లో పుప్పొడి పసుపుపచ్చగా కార్ల మీద, వరండా కుర్చీల మీద పేరుకుంటుంది. వచ్చిన ఏడాది మీకేమీ అనిపించకపోవచ్చు. మరో రెండు వసంతాలకు తుమ్ములు, కళ్ల దురదలు మొదలైతే జలుబు అనుకుని కషాయాలు తాగుతూ కూర్చోక డాక్టరును అడగండి. ఆ రోజుల్లో కిటికీలు పొద్దున మూసి ఉంచండి.

శరదృతువులో జింగో చెట్టు కింద జాగ్రత్త. ఆకులు బంగారంలా ఉంటాయి గానీ, ఆడ చెట్టు పండ్లు రాలి పగిలితే వాంతి వాసన. చెప్పులతో ఇంట్లోకి వస్తే ఆ సాయంత్రం పోదు. ఈ జింగోను అమెరికాకు తెచ్చినవాడు ఈ పేటవాడే. విలియం హామిల్టన్ అనే సంపన్నుడు 1780లలో తన వుడ్‌ల్యాండ్స్ ఎస్టేటులో నాటాడు. అతని తోటే ఇప్పుడు వుడ్‌ల్యాండ్స్ శ్మశానవాటిక. సాయంత్రం నడకకు ఇంతకంటే ప్రశాంతమైన చోటు ఈ చుట్టుపక్కల లేదు, శ్మశానమని జంకకండి. అదే పెద్దమనిషి ఐలాంథస్ అనే ఇంకో చైనా చెట్టునూ తెచ్చాడు. అది ఇప్పుడు ఏ గోడ సందులో చూసినా మొలుస్తుంది. 2014లో పెన్సిల్వేనియాలోనే మొదట బయటపడిన మచ్చల లాంతరు పురుగుకు ఆ చెట్టే ప్రాణం. బూడిదరంగు రెక్కల కింద ఎర్రని రెక్కలున్న పురుగు వేసవి చివర్లో వరండా మీద వాలితే కాలితో నలిపేయమని ప్రభుత్వమే చెబుతుంది. మొహమాటం వద్దు.

ఆకులు రాలే నెలల్లో మెట్ల మీద తడి ఆకులు ఊడ్వకపోతే జారిపడతారు. మంచు కురిస్తే ఆగిన ఆరు గంటల్లోగా ఇంటి ముందు పేవ్‌మెంటు మీద మూడడుగుల వెడల్పున దారి తీయాలి. అది యజమాని పనా, మీ పనా అన్నది లీజులో చూసుకోండి. మంచు తవ్వి కారు బయటికి తీసినవాళ్లు ఆ ఖాళీలో ఒక కుర్చీ పెట్టి వెళ్తారు. చట్టం ఒప్పుకోదు. అయినా ఆ కుర్చీ జరపకండి.

ఇరుగుపొరుగు

ఇక్కడి వరండా మన వీధి అరుగు లాంటిది. దాటుతూ పలకరించకుండా పోతే తప్పుపడతారు. ‘హలో’ చాలు, సంభాషణ అక్కర్లేదు. వరండా మీద సైకిలు రాత్రికి ఉంచితే పొద్దుటికి ఉండదు. పార్సెళ్లు పగలే పోతాయి. విలువైనవి విశ్వవిద్యాలయానికో లాకరు పెట్టెలకో తెప్పించుకోండి. పక్కింటి పెద్దావిడతో పరిచయం ఉంటే ఆమె మీ పార్సెలు లోపల పెట్టి ఉంచుతుంది. అన్ని తాళాలకన్నా ఆ పరిచయం గట్టిది.

పేరు విషయంలో ఒక మాట. ప్రకటనల్లో ‘యూనివర్సిటీ సిటీ’ అని ఉంటుంది. పెన్ విశ్వవిద్యాలయం 1872లోనే నది దాటి ఇక్కడికి వచ్చింది గానీ, ఆ పేరు 20వ శతాబ్దం మధ్యలో విశ్వవిద్యాలయాల విస్తరణతో పాటు వచ్చింది. ఆ విస్తరణలోనే 1960లలో ‘బ్లాక్ బాటమ్’ అనే నల్లజాతి వారి పేటను కూల్చి వేల మందిని వెళ్లగొట్టారు. ఆ కుటుంబాల వాళ్లు ఇంకా ఈ చుట్టుపక్కల ఉన్నారు. పాతకాపులతో మాట్లాడేటప్పుడు ‘వెస్ట్ ఫిలడెల్ఫియాలో ఉంటున్నాను’ అనండి, లేదా ‘వెస్ట్ ఫిల్లీ’ అనండి. చదువు కోసం రెండేళ్లు ఉండి వెళ్లిపోయేవాళ్ల వల్ల అద్దెలు పెరిగిన సంగతి వాళ్లకు తెలుసు, మనకూ తెలిసి ఉండటం మర్యాద.

శనివారం పొద్దున 43వ వీధి, బాల్టిమోర్ కూడలిలో క్లార్క్ పార్కు రైతు బజారు ఉంటుంది, ఏడాది పొడవునా. 1895 నాటి ఈ పార్కులో చార్లెస్ డికెన్స్ కంచు విగ్రహం ఉంది. తనకు స్మారకాలు కట్టవద్దని ఆయన వీలునామాలోనే రాశాడు, ఫిలడెల్ఫియా వినలేదు. బాల్టిమోర్ వెంట ఇథియోపియా హోటళ్లున్నాయి. పులిసిన పిండితో పోసిన వాళ్ల ఇంజెరా, కారంగా ఉడికించిన పప్పు శాకాహారులకు ఇంటి భోజనం లోటు కొంత తీరుస్తాయి. వేసవి మొదట్లో వరండాలే వేదికలుగా సంగీతం వినిపించే పోర్చ్‌ఫెస్ట్ జరుగుతుంది. వీణో మృదంగమో వచ్చినవాళ్లు మీ వరండా పేరూ ఇవ్వవచ్చు.

ఖాళీ చేసేటప్పుడు

ఇది చేరిన రోజే మొదలవుతుంది. సామాను దించకముందే ప్రతి గదినీ, పాత గీతలు మరకలతో సహా ఫొటోలు తీసి, అదే రోజు యజమానికి ఈమెయిల్‌లో పంపండి. లీజు ముగియడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో చూసి ఫోనులో గుర్తు పెట్టుకోండి. ఆ తేదీ దాటితే లీజు తనంతట తానే కొనసాగేలా రాసి ఉండవచ్చు.

జులై, ఆగస్టుల్లో వెళ్లిపోయేవాళ్లు పేవ్‌మెంటు మీద వదిలేసిన బల్లలు, అరలు, దీపాలు కొత్తగా వచ్చేవాళ్లకు పండగే. చెక్క, ఇనుము తీసుకోండి. పరుపులు, గుడ్డ సోఫాలు ఎంత కొత్తగా ఉన్నా ముట్టుకోవద్దు. నల్లులు ఒకసారి ఇంట్లో చేరితే గోడ పంచుకునే ఈ ఇళ్లలో గోడ దాటి పక్కింటికీ పోతాయి.

తాళంచెవులు అప్పగించేటప్పుడు మీ కొత్త చిరునామా కాగితం మీద రాసి ఇచ్చి, దాని ఫొటో తీసుకోండి. ఆ చిరునామా రాతపూర్వకంగా ఇచ్చినవాళ్లకే చట్టం పూర్తిగా అండగా ఉంటుంది. 30 రోజుల్లోగా యజమాని డిపాజిట్ తిరిగివ్వాలి, లేదా ఏ నష్టానికి ఎంత కోసుకున్నాడో జాబితా పంపాలి. రెండూ చేయకపోతే మున్సిపల్ కోర్టులో రెట్టింపు అడగవచ్చు. గోడకు కొట్టిన మేకుల కన్నాలు పూడ్చి, పొయ్యి వెనక పసుపు మరకలు తుడిచి వెళ్లండి. కోతల జాబితాలో మొదట ఎక్కేవి అవే.